బుగులు పోతే... కడుపు చల్లన!

స్టేషన్ ఘన్‌పూర్ కిరాణా కొట్టులో దొరికే కరక్కాయకూ చైనా వైద్యానికీ ఏమిటి చుట్టరికం? చిల్పూరు గుట్ట మీది వెంకన్న ‘బుగులు’కూ ఏళ్లతరబడి వదలని కడుపునొప్పికీ ఏమిటి లంకె? ఒక్కరోజు ప్రయాణంలో రెండూ తెలుసుకుని రావచ్చు.

కాజీపేటలో సికింద్రాబాద్ వైపు వెళ్లే బండెక్కి కూర్చుంటే, పెండ్యాల దాటాక వచ్చే ఊరు ఘన్‌పూర్. రైల్వేవాళ్ల బోర్డు మీద ఉత్త ఘన్‌పూరే. జనం నోట మాత్రం స్టేషన్ ఘన్‌పూర్. ఓరుగల్లు చుట్టుపక్కల ఘన్‌పూర్‌లకు కొదవలేదు మరి! కాకతీయుల కోటగుళ్లున్న గణపురాన్ని కూడా చాలామంది ఘన్‌పూరనే పిలుస్తారు. అది భూపాలపల్లి జిల్లాలో ఉంది. రైలు ఆగే ఈ ఊరికేమో స్టేషనే ఇంటిపేరైపోయింది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసినప్పుడు జనగామ జిల్లాలోకి వచ్చింది.

పొద్దున పూట హైదరాబాద్ వైపు వెళ్లే బండ్లలో విద్యార్థులుంటారు, ఉద్యోగులుంటారు, కూరగాయల మూటలుంటాయి. వాళ్ల మధ్యలో ఇంకో రకం ప్రయాణికులూ కనిపిస్తారు. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో స్కానింగ్ రిపోర్టులు, ఎండోస్కోపీ ఫొటోలు, నాలుగు రకాల మందుచీట్లు. అడిగితే చెప్పే మాట ఒక్కటే... ‘గ్యాసు ట్రబుల్’. తిన్నది అరగదు. పొట్ట ఉబ్బరం, పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట. ఓ వారం మలబద్ధకం, ఇంకో వారం విరేచనాలు. డాక్టర్లు పరీక్షలు చేసి ‘ఏమీ లేదు’ అంటారు. నొప్పి మాత్రం ఉంటుంది! అప్పుడు మొదలవుతుంది తిరుగుడు. ఇంగ్లిషు మందు, హోమియో, ఆయుర్వేదం, పసరు మందు... ఈమధ్య చైనా సూదులు, చైనా మూలికల పేర్లూ వినిపిస్తున్నాయి.

చైనా వైద్యం అనగానే అదేదో మనకు సంబంధంలేని వింత అనుకుంటాం. కానీ కడుపు జబ్బుల విషయంలో దాని ఆనవాళ్లు మన కిరాణా కొట్లోనే ఉన్నాయి.

కరక్కాయ వెళ్లిన దారి

ఘన్‌పూర్ లాంటి ఊళ్లో ఏ పాత కిరాణా కొట్టుకెళ్లినా శొంఠి, వాము, పిప్పళ్లు, ఇంగువతోపాటు కరక్కాయ దొరుకుతుంది. నిలువునా గాడులు పడి, ఎండి, గోధుమరంగులో ఉండే గట్టి కాయ. దగ్గు వస్తే బుగ్గన పెట్టుకుంటాం. ఉసిరికాయ, తానికాయలతో కలిపితే త్రిఫల చూర్ణం. భూపాలపల్లి, ములుగు వైపు అడవుల్లో కరక చెట్లున్నాయి. గిరిజనులు ఏరుకొచ్చే అటవీ ఫలసాయాల్లో ఇదీ ఒకటి. తల్లిలేని బిడ్డకు కరక్కాయే తల్లి అని పాతకాలం వైద్యులు చెప్పుకునేవారు.

ఈ కాయకు చైనా వైద్యంలో పేరు ‘హెలిలే’. చైనా మాట కాదది! మన సంస్కృత హరీతకి పారశీకంలో హలీలా అయింది. అదే చైనా నోట హెలిలే అయింది. దాదాపు 1800 ఏళ్ల కిందటి వైద్యుడు చాంగ్ చుంగ్‌చింగ్ పేరిట ఉన్న గ్రంథంలోనే, గ్యాసుతో కూడిన విరేచనాలకు కరక్కాయ పొడి వాడమని ఉంది. అటు యునానీలోకి వెళ్లిన త్రిఫల ‘ఇత్రీఫల్’ అయింది. ఒక్క కాయకు మూడు వైద్యాల్లో మూడు పేర్లన్నమాట!

671లో చైనా నుంచి బయల్దేరి సముద్రం మీదుగా మన దేశానికొచ్చిన బౌద్ధభిక్షువు ఇత్సింగ్ నలందలో ఏళ్లతరబడి చదువుకున్నాడు. ఇక్కడి భిక్షువులు ఏం తింటారో, జబ్బు చేస్తే ఏం చేస్తారో వివరంగా రాసుకున్నాడు. ఆయన మెచ్చిన మందు తయారీ మన వంటింట్లోనూ సాధ్యమే. కరక్కాయ పెచ్చు, శొంఠి, చక్కెర సమపాళ్లలో తీసుకుని, నూరి ఉండలు కట్టాలి. అంతకన్నా ముందు మరో మందు చెప్పాడు... లంఖణం! రోగాల్లో చాలావాటికి మూలం అతిగా తినడమే అన్నది ఆయన అభిప్రాయం. కరక్కాయ అక్కడితో ఆగలేదు. 756లో జపాన్ మహారాణి కోమ్యో నారా నగరంలోని తోదాయ్‌జీ ఆలయానికి సమర్పించిన 60 మందుల జాబితాలో దాని పేరుంది. టిబెట్ చిత్రాల్లో భైషజ్య బుద్ధుడి చేతిలో కనిపించేదీ కరక్కాయే.

ఇక్కడో విశేషం ఉంది. మనం కరక్కాయను ఎక్కువగా విరేచనం సాఫీగా కావడానికి వాడతాం. చైనావాళ్లు దాన్నే వేయించి, వదలని విరేచనాలు కట్టడానికి వాడతారు. ఒకదానికొకటి విరుద్ధం కదా! మన ఆయుర్వేదం దీనికి ఎప్పుడో జవాబు చెప్పింది. నమిలి తింటే ఆకలి పెంచుతుంది, నూరి తీసుకుంటే మలాన్ని వెడలగొడుతుంది, ఉడికిస్తే విరేచనాలను కడుతుంది అని. కాయ ఒక్కటే. ఎవరికి, ఎప్పుడు, ఎలా అన్నదాన్ని బట్టి మందు మారిపోతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు మళ్లీ పని పడుతుంది.

నడిమి పొయ్యి

మధ్యాహ్నం భోజనం దగ్గరకొద్దాం. ఈ ప్రాంతంలో జొన్న గటక, అంబలి, గంజి తిన్న తరం ఇంకా ఉంది. కడుపు బాగాలేదంటే ఏ అమ్మమ్మయినా చెప్పే మాట ఇదే... “ఇన్ని గంజినీళ్లు తాగు బిడ్డా, ఇంత వాము నములు, రేపటికి నిమ్మళమైతది.”

చైనా అమ్మమ్మలూ అచ్చం ఇదే చెబుతారు. బియ్యాన్ని బోలెడు నీళ్లతో మెత్తగా, జావగా ఉడికించి, ఓ అల్లం ముక్క వేసి ఇస్తారు. జబ్బుపడినవాళ్లకీ ముసలివాళ్లకీ అదే పథ్యం. ఏడో శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావో ఏమన్నాడో తెలుసా? మంచి వైద్యుడు ముందు ఆహారంతో నయం చేయడానికి చూస్తాడు, అది కుదరనప్పుడే మందు ఇస్తాడట.

వాళ్ల లెక్కలో ఛాతీకి ఒకటి, నడుముపైన ఒకటి, కింద ఒకటి... ఒంట్లో మూడు పొయ్యిలున్నాయి. నడిమి పొయ్యి మీద ఉడికే కుండ జీర్ణాశయం. ఆ ఉడికిన సారాన్ని ఒళ్లంతా పంచే పని ప్లీహానిది. ఇక్కడ ప్లీహం అంటే స్కానింగ్‌లో కనిపించే అవయవం కాదు, అరుగుదలకు వాళ్లు పెట్టుకున్న పేరు. మన జఠరాగ్ని లాంటిదే. పొయ్యి మీద చల్లనీళ్లు పోస్తే మంట ఆరుతుంది కదా! అందుకే అన్నం తింటూ ఐస్‌నీళ్లు, ఫ్రిజ్‌లోంచి తీసిన పదార్థాలు వద్దంటారు. వేళ తప్పిన భోజనం వాళ్ల దృష్టిలో పెద్ద తప్పు.

ఈ పొయ్యి, కుండ లెక్క ఆధునిక శాస్త్రానికి అందేది కాదు. కానీ వేళకు తినడం, నిదానంగా తినడం, కడుపులో కాస్త ఖాళీ ఉంచడం... వీటితో ఏ డాక్టరూ గొడవపడడు.

బుగులు వెంకన్న సాక్షిగా...

ఘన్‌పూర్ వచ్చినవాళ్లు తప్పకుండా చూడాల్సింది చిల్పూరు గుట్ట. దాని మీద వెలసిన దేవుడి పేరు బుగులు వెంకటేశ్వరస్వామి. తెలంగాణలో బుగులంటే తెలియనిదెవరికి? భయం, దిగులు, మనసులో పీకులాట... అన్నీ కలిస్తే బుగులు. దేవుడికి ఆ పేరేమిటనే కదా మీ సందేహం! పద్మావతితో పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసిన శ్రీనివాసుడు, అది తీరే దారి కనబడక బుగులుపడి, ఈ గుట్ట మీద గుహలో తపస్సు చేశాడని ఇక్కడి కథ. అప్పుల బాధ, మనోవ్యాకులత ఉన్నవాళ్లు ఈ స్వామికి మొక్కుకుంటే బుగులు తీరుతుందని నమ్మకం.

పంటకు పెట్టుబడి తెచ్చి, వాన కోసం ఆకాశంవంక చూసి బతికిన సీమ ఇది. ఇప్పుడంటే దేవాదుల ఎత్తిపోతల పుణ్యమా అని ఘన్‌పూర్ రిజర్వాయరులోకి గోదావరి నీళ్లొస్తున్నాయి. అప్పు భయం తెలిసిన దేవుణ్ని ఇక్కడి జనం తమవాడిగా చేసుకున్నారంటే ఆశ్చర్యమేముంది?

కడుపుతో దీనికేం పని అంటారా? అక్కడికే వస్తున్నాం. చైనా వైద్యంలో ఒక్కో భావం ఒక్కో అవయవాన్ని దెబ్బతీస్తుందని సూత్రం. కోపం కాలేయాన్ని, భయం మూత్రపిండాలను. మనసులో అదేపనిగా తిప్పుకునే ఆలోచన, దిగులు మాత్రం నేరుగా అరుగుదలనే పడగొడతాయట!

ఈ మాటకు ప్రాణం పోసినవాడు లీ తుంగ్‌యువాన్. పుట్టింది 1180లో, పోయింది 1251లో. ఓరుగల్లును గణపతిదేవుడు ఏలుతున్న కాలమది. 1232లో మంగోలు సేనలు కైఫెంగ్ నగరాన్ని ముట్టడించినప్పుడు ఆయన లోపలే ఉన్నాడు. తిండి లేక, నిద్ర లేక, ఏ క్షణాన ఏమవుతుందోనన్న భయంతో నెలలు గడిపిన జనం, ముట్టడి సడలాక వేల సంఖ్యలో జబ్బుపడి చనిపోవడం కళ్లారా చూశాడు. తోటి వైద్యులు బయటి నుంచి సోకిన జ్వరమనుకుని కఠినమైన మందులిచ్చారు. రోగులు ఇంకా కుంగిపోయారు. అప్పుడు ఆయనకు తట్టింది... ఇది బయటినుంచి వచ్చింది కాదు, లోపలి నుంచి పుట్టిందని. క్రమంలేని తిండి, అలసట, దిగులు కలిసి నడిమి పొయ్యిని ఆర్పేశాయని. ఆ అనుభవంతోనే ప్లీహం, జీర్ణాశయాల మీద ఓ గ్రంథమే రాశాడు. నిజంగా ఆ జనాన్ని చంపింది అంటురోగమే అయ్యుండొచ్చు. కానీ కడుపు జబ్బును తిండి, శ్రమ, మనసు... మూడింటినీ కలిపి చూడాలన్న ఆయన పాఠం మాత్రం నిలిచిపోయింది.

ఇప్పటి వైద్యం ఇదే విషయాన్ని తన భాషలో చెబుతోంది. పేగుల గోడల్లో కోట్లకొద్దీ నాడీకణాలున్నాయి. వాటికీ మెదడుకూ మధ్య నిరంతరం కబుర్లు నడుస్తుంటాయి. పరీక్షకు ముందు కడుపులో తిప్పడం, చెడు వార్త వినగానే ఆకలి చచ్చిపోవడం అందుకే. పరీక్షల్లో ఏ పుండూ, వాపూ కనిపించకుండానే ఏళ్లతరబడి వేధించే ఇరిటబుల్ బవల్ సిండ్రోమ్... అదే ఐబీఎస్. దాన్నీ, అలాంటి మరికొన్ని సమస్యలనీ పేగూ మెదడూ మాట్లాడుకోవడంలో వచ్చిన తేడాలుగా 2016లో ప్రపంచ నిపుణులు వర్గీకరించారు. ‘ఏమీ లేదు’ అన్న రిపోర్టుకు అర్థం నొప్పి అబద్ధమని కాదు. నొప్పి నిజం, దాని వేరు మరోచోట ఉందని!

మరి పనిచేస్తుందా?

చైనా మూలికలకు ఐబీఎస్ తగ్గుతుందా అన్నది ఆస్ట్రేలియాలో పరీక్షించారు. ఫలితాలు 1998లో వెలువడ్డాయి. 116 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు అందరికీ ఒకటే మూలికల మిశ్రమం. ఇంకో జట్టులో నాడి, నాలుక చూసి, ప్రశ్నలడిగి ఎవరికి తగ్గ మందు వాళ్లకు. మూడో జట్టుకు ఉత్తుత్తి మందు. 16 వారాలు గడిచేసరికి మూలికలు తీసుకున్న రెండు జట్లూ ఉత్తుత్తి మందు జట్టుకన్నా మెరుగయ్యాయి. అసలు సంగతి తర్వాత తేలింది. మందు ఆపేసిన 14 వారాలకు కూడా గుణం నిలిచింది ఒక్క జట్టుకే... మనిషిని చూసి మందిచ్చిన జట్టుకి! కరక్కాయ చెప్పిన మాటే ఇది.

సంతోషపడిపోకండి. 2006లో హాంకాంగ్‌లో వెలువడిన మరో అధ్యయనంలో 11 మూలికల మిశ్రమాన్ని రోగులందరికీ ఒకేలా ఇస్తే ఉత్తుత్తి మందుకన్నా ఏమీ ఎక్కువ కాలేదు. సూదుల వైద్యం సంగతీ అంతే. అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నిటినీ 2012లో కలిపి చూస్తే, ఐబీఎస్ విషయంలో అసలు ఆక్యుపంక్చర్‌కూ ఉత్తుత్తి ఆక్యుపంక్చర్‌కూ తేడా కనబడలేదు. మణికట్టు ముడత నుంచి మూడువేళ్ల దూరంలో, రెండు నరాల్లాంటి తాళ్ల నడుమ ఉండే బిందువును నొక్కితే వికారం తగ్గుతుందనడానికి మాత్రం, ముఖ్యంగా ఆపరేషన్ తర్వాతి వాంతుల విషయంలో, ఆధారాలున్నాయి. బస్సు ప్రయాణంలో కడుపులో తిప్పితే ప్రయత్నించి చూడొచ్చు. ఖర్చులేని పని!

సూదుల వైద్యం మన దేశానికి స్నేహం వల్ల వచ్చింది. 1938లో జపాన్ దాడిలో ఉన్న చైనాకు సాయంగా మన దేశం నుంచి అయిదుగురు డాక్టర్లు వెళ్లారు. అక్కడే ప్రాణాలు విడిచిన షోలాపూర్ బిడ్డ డాక్టర్ కోట్నీస్ వాళ్లలో ఒకరు. మరొకరు డాక్టర్ బి.కె.బసు. తర్వాతికాలంలో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, కలకత్తాలో మొదలుపెట్టింది ఆయనే. 2019 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్యశాఖ ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక చికిత్సా పద్ధతిగా గుర్తించింది. చైనా మూలికల వైద్యం మాత్రం మన ఆయుష్ పద్ధతుల జాబితాలో లేదు. ఎవరైనా ‘చైనా మందు’ అని పేరులేని పొట్లం చేతిలో పెడితే అనుమానించాల్సిందే.

మూలికే కదా అనుకోవద్దు

ఎందుకంటే ఓ ఘోరం జరిగింది. 1990ల మొదట్లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో ఓ క్లినిక్‌లో బరువు తగ్గడానికి ఇచ్చిన మాత్రల్లో చైనా మూలికలు కలిపారు. అందులో వేయాల్సిన ఓ మూలికకు బదులు, పేరు దగ్గరగా ఉన్న మరోటి పడింది. 100 మందికి పైగా మహిళల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సరూ వచ్చింది. ఆ మూలికలోని విషం పేరు అరిస్టలోకిక్ ఆమ్లం.

ఇది మనకు దూరపు కథ కాదు. మన దగ్గర పొదల మీద పాకే ఈశ్వరి, గాడిదగడపాకు ఆ జాతి మొక్కలే. కడుపునొప్పికీ, పాము కాటుకూ నాటువైద్యంలో వాటిని వాడటం ఉంది. ‘ఆకులేగా, ఏం చేస్తాయి’ అనుకుని రోజుల తరబడి మింగితే కిడ్నీలకే ఎసరు. గంజి, వాము, జీలకర్ర వేరు. పేరు తెలియని పసరు వేరు.

ఇంకో సంగతి. అల్సర్‌కు కారణం కారం, కంగారేనని ప్రపంచమంతా చాలాకాలం నమ్మింది. చాలా పుండ్ల వెనుక హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఉందని ఆస్ట్రేలియా వైద్యులు మార్షల్, వారెన్ తేల్చారు. 2005లో నోబెల్ అందుకున్నారు. ఒప్పించడానికి మార్షల్ ఆ సూక్ష్మజీవులను తానే తాగేశాడు! అంటే, ఏళ్లనాటి మంటకు రెండు వారాల యాంటీబయోటిక్స్ చాలేమో. బుగులు మీదికి నెట్టేసి ఊరుకుంటే అది ఎప్పటికీ తెలియదు.

అందుకే ఏ వైద్యానికి వెళ్లినా ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి. కారణం లేకుండా బరువు తగ్గుతున్నారా? మలంలో రక్తం పడుతోందా, మలం తారులా నల్లగా వస్తోందా? మింగుడు పడటం లేదా? వాంతులు ఆగడం లేదా? రక్తం తగ్గిందన్నారా? నిద్రలోంచి లేపేంతగా విరేచనాలవుతున్నాయా? 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైందా? ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కరక్కాయ, సూది, గంజి... అన్నీ పక్కన పెట్టి ముందు డాక్టర్‌కు చూపించుకోవాలి. వరంగల్ ఎంజీఎం ఉంది, హైదరాబాద్‌లో పెద్దాసుపత్రులున్నాయి. రైలు ఎలాగూ ఉంది!

పరీక్షలన్నీ బాగున్నాయని తేలాక ఇక మిగిలింది పాత వైద్యులు అడిగిన ప్రశ్నలే. ఎన్నింటికి తింటున్నావు? ఎంత తింటున్నావు? నిద్ర పడుతోందా? మనసులో ఏం పెట్టుకుని తిరుగుతున్నావు? చివరి ప్రశ్నకు జవాబు చెప్పడానికి మనకు చాలాసార్లు మనిషి దొరకడు. మూడు నిమిషాల్లో చీటీ రాసిచ్చే డాక్టర్‌కు వినే తీరిక ఉండదు. చిల్పూరు వెంకన్నకు మాత్రం బోలెడంత తీరిక. ఆయనకు చెప్పుకున్నట్టే ఇంట్లోవాళ్లకూ చెప్పుకోగలిగితే, సగం మాత్రలు పెట్టెలోనే ఉండిపోతాయేమో!

ఎలా వెళ్లాలి?

స్టేషన్ ఘన్‌పూర్ హైదరాబాద్-వరంగల్ దారిలో, జనగామ దాటాక వస్తుంది. సికింద్రాబాద్-కాజీపేట రైలు మార్గంలో రఘునాథపల్లికీ పెండ్యాలకూ మధ్య ఉంటుంది. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు కాబట్టి వేళలు ముందే చూసుకోవాలి. చిల్పూరు గుట్టకు ఊళ్లోంచి ఆటోలో వెళ్లొచ్చు. ఎండ ముదరకముందే గుట్టెక్కడం మంచిది. తీరికుంటే పోతన గారి బమ్మెర, సోమనాథుడి పాలకుర్తి కూడా ఈ జిల్లాలోనే ఉన్నాయి, చూసి రావచ్చు. దారిలో సర్వపిండి, సకినాలు ఊరిస్తాయి. తినండి. కానీ ఇత్సింగ్ మాట మరవకుండా... కాస్త ఖాళీ ఉంచుకుని!